మా ఆయమ్మ ప్రెసిడెంటయిన ఎన్నిక

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరబోయే అమ్మాయిలు కాప్రాలో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. తెలిసినవాళ్ళ కూతురో, మా చర్చిలో పాడే పిల్లో అయి ఉంటుంది. వాళ్ళడిగే మొదటి ప్రశ్న నైట్ డ్యూటీల గురించి. రెండోది, హెడ్ నర్సు కావడానికి ఎన్నేళ్ళు పడుతుందని. యూనియన్ గురించి ఇంతవరకూ ఒక్క పిల్లా అడగలేదు. అడక్కపోయినా నేను చెప్తాను. రిటైరైన హెడ్ నర్సు నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి సీనియారిటీ లిస్టు చూసుకుంటే తెలుస్తాయి. నేను రాసేది మా ఆరోగ్య ఉద్యోగుల యూనియన్‌కి సికింద్రాబాద్ రీజియన్ నాయకత్వాన్ని మేం ఎలా ఎన్నుకున్నామనేది. అందులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. నాకు నిజంగా పని నేర్పిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకరు మా మేట్రన్ ఎస్తేరమ్మ గారు. రెండో ఆమె మా సర్జికల్ వార్డు ఆయమ్మ, యాదమ్మ.

చేతులెత్తే ఆదివారాలు

మాది తెనాలి దగ్గర. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. ట్రైనింగ్ అయిపోగానే సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో పోస్టింగ్ వచ్చింది. ఆసుపత్రి పేరు చెప్పను, అందులో పనిచేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రం రోజులు. సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. ఎవరికైనా కబురు పంపాలంటే వార్డ్ బాయ్‌ని పంపాలి, లేదా మనమే మెట్లెక్కి పోవాలి.

మా రీజియన్‌లో ఈ పెద్దాసుపత్రి, ఇంకో రెండు చిన్నాసుపత్రులు, ఊరంతా చెదిరిన డిస్పెన్సరీలు ఉండేవి. నర్సులు, ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు, స్వీపర్లు, ఫార్మసిస్టులు, డ్రైవర్లు, ఆఫీసు గుమాస్తాలు, అందరిదీ ఒకటే యూనియన్. రెండేళ్ళకోసారి రీజియన్ ప్రెసిడెంట్‌ని ఎన్నుకోవాలి. ఎన్నుకోవడమంటే ఆదివారం ఉదయం పదకొండు గంటలకి జనరల్ బాడీ పెట్టి చేతులెత్తించడం. ఆదివారం పదకొండు గంటలకి మా నర్సుల్లో సగంమంది చర్చిలో ఉంటారు. మిగతా సగం వార్డుల్లో ఉంటారు. ఎత్తే చేతులన్నీ ఆఫీసువాళ్ళవీ, డ్రైవర్లవీ, డిస్పెన్సరీలవాళ్ళవీ. వాళ్ళకి ఆదివారం సెలవు.

అలా రామలింగం గారు వరసగా ఎన్నోసార్లు ప్రెసిడెంటయ్యారు. ఆయన మా ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఫార్మసిస్టు. చెడ్డమనిషని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మాకు యూనిఫాం గుడ్డ సక్రమంగా వచ్చిందంటే ఆయన పుణ్యమే. మాట్లాడితే వినబుద్ధేసేది. కానీ ఎక్కువ కాలం ఒకే కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఎవరే కష్టం చెప్పుకున్నా ఆయన జవాబు ఒకటే.

"నేనున్న గదమ్మా. పరేషాన్ గాకుండ్రి. నేను మాట్లాడ్త."

ఆయన మాట్లాడేవారు. సూపరింటెండెంట్ గారితో టీ తాగి మాట్లాడేవారు. టీ అయిపోయాక మా కష్టం మా దగ్గరే ఉండేది.

నేను వేసిన చార్టు

ఒకసారి మేం నర్సులం గట్టిగా పట్టుబట్టాం. చేతులెత్తడం వద్దు, పెట్టె పెట్టండి, చీటీలు వేస్తాం అన్నాం. సంతకాలు సేకరించి రాష్ట్ర కమిటీకి పంపాం. ఆశ్చర్యం, ఒప్పుకున్నారు. రామలింగం గారు కూడా నవ్వుతూ ఒప్పుకున్నారు. పోలింగ్ మామూలు రోజున, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, మా ఓపీ హాల్లో.

"రెండు గంటలకు మీ డ్యూటీలు మారుతయి గదా. పొద్దటోళ్ళు, సాయంత్రమోళ్ళు ఇద్దరూ ఉంటరు. మీకే ఫాయిదా," అన్నారాయన.

మాకూ అలాగే తోచింది. నేను ప్రెసిడెంట్‌గా నిలబడ్డాను. అప్పటికి కొత్తగా హెడ్ నర్సునయ్యాను, డ్యూటీ చార్టు వేసేది కూడా నేనే. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. సాయంత్రం డ్యూటీ పిల్లలందరికీ ముందురోజే చెప్పాను, "ఒంటిగంటకే వచ్చేయండి. ముందు ఓటేసి, తర్వాత పైకి వెళ్ళండి. పైకి వెళ్ళాక మళ్ళీ కిందికి రావడం కుదరదు."

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. నర్సు తన బదులు మనిషి వచ్చి చార్జ్ తీసుకునేదాకా వార్డు వదలదు. అది మాకు మొదటిరోజు నుంచి ఎముకల్లోకి ఎక్కించిన నియమం. ఇల్లు కాలుతోందని కబురొచ్చినా వదలదు. కాబట్టి ఉదయం డ్యూటీవాళ్ళు పైన వార్డుల్లో బదులు మనుషుల కోసం ఎదురుచూస్తున్నారు. ఆ బదులు మనుషులు నేను చెప్పినట్టే కింద ఓట్ల లైన్లో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు డిస్పెన్సరీలవాళ్ళు, ఆఫీసువాళ్ళు, డ్రైవర్లు బారులు తీరి ఉన్నారు. లైను కదిలేసరికి రెండున్నర దాటింది. పిల్లలు ఓటేసి పరుగున పైకి వెళ్ళి, మందుల కబోర్డు చూసుకుని, సెలైన్లు చూసుకుని, చార్జ్ తీసుకునేసరికి మూడు.

పంతొమ్మిదిమంది నర్సులు రొప్పుతూ మెట్లు దిగి వచ్చారు. తలుపు మూసేసి ఉంది. నేను ఓడింది పదకొండు ఓట్లతో.

నాలుగురోజులు నేను రామలింగం గారిని తిట్టుకున్నాను, పోలింగ్ ఆఫీసర్ని తిట్టుకున్నాను, గడియారాన్ని కూడా తిట్టుకున్నాను. ఐదోరోజు మేట్రన్ ఎస్తేరమ్మ గారు నన్ను తన గదికి పిలిచారు. ఆవిడ యూనియన్ మాట తన గదిలో ఎత్తనిచ్చేవారు కాదు. ఆరోజు మాత్రం ఆవిడే ఎత్తారు.

"రత్నం, నువ్వు ఓట్లు లేక ఓడిపోలేదు. డ్యూటీ చార్టు వెయ్యడం రాక ఓడిపోయావు," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చార్టు కాగితం నా ముందుకు తోశారు.

"ముందు విడిపించే మనిషి పైకి వెళ్ళాలి. పైనున్న మనిషి కిందికొచ్చి పని ముగించుకుని, మళ్ళీ పైకెళ్ళి తనని విడిపించిన మనిషిని తను విడిపించాలి. భోజనాలకి నువ్వు రోజూ చేయించేది అదే కదా? ఓటనేసరికి బుర్ర ఎక్కడ పెట్టావు?"

అమ్మాయిలూ, మీకూ ఇలాంటి పై అధికారి దొరకాలని కోరుకుంటున్నాను. ఓదార్చేవాళ్ళు ఊరంతా దొరుకుతారు.

సూది

యాదమ్మది బన్సీలాల్‌పేట్. పెనిమిటి మోండా మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసేవాడు. ఒకరోజు బస్తాతో సహా మెట్ల మీద పడి నడుం పోయింది. అప్పట్నుంచీ మంచం మీదే. అతన్ని ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తిప్పాలన్నా యాదమ్మే తిప్పాలి. పొద్దున్నే ఆయన పని చూసుకుని, జొన్నరొట్టె డబ్బాలో వేసుకుని, ఏడున్నరకల్లా వార్డులో ఉండేది. మా వార్డులో ఏ మంచం కింద ఏముందో ఆమెకి తెలిసినట్టు నాకు తెలియదు.

నేను ఓడిన మరుసటి ఏడాది, వార్డు చెత్తడబ్బా ఖాళీ చేస్తుంటే వాడిపడేసిన సూది ఆమె అరచేతిలో దిగింది. రెండునెలల తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. ఆరువారాలు అదే వార్డులో పేషెంటుగా పడుకుంది. నేను సెలైన్ పెడుతుంటే, "సిస్టరమ్మా, సూది నాకు గిట్ల సుత అలవాటైంది," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లేచాక చేసిన మొదటి పని, సూపరింటెండెంట్ గారి గది ముందుకెళ్ళి నిలబడడం. ఆయమ్మలకీ, స్వీపర్లకీ మందపాటి రబ్బరు గ్లౌజులు కావాలి, సూదులకి వేరే డబ్బా పెట్టించాలి. ఇంతే అడిగింది. పొమ్మంటే పోలేదు. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతి రోజు తనతో ఇంకో ఎనిమిదిమందిని తీసుకొచ్చింది. పదిరోజులకి ఆమె చేతికి గ్లౌజులు రాలేదు, ట్రాన్స్‌ఫర్ కాగితం వచ్చింది. ఆదిలాబాద్ అవతల ఒక ఆసుపత్రికి.

అంతదూరం పోతే మంచం మీదున్న మనిషిని ఎవరు తిప్పుతారు? పోకపోతే ఉద్యోగం పోతుంది. ఆమె రామలింగం గారి దగ్గరికెళ్ళింది. ఆయన, "నేనున్న గదమ్మా," అన్నారు. నెల గడిచింది. యాదమ్మ సెలవు పెట్టి, సెలవు పొడిగించి, ఇంకోసారి పొడిగించి రోజులు నెట్టుకొస్తోంది. ఇంకో మూడువారాల్లో సెలవు పూర్తిగా అయిపోతుంది. అదే మూడువారాల్లో యూనియన్ ఎన్నిక ఉంది. రీజియన్ ప్రెసిడెంట్‌గా ఉన్నవాళ్ళని పదవి ఉన్నంతకాలం బదిలీ చేయకూడదని ప్రభుత్వానికి మా యూనియన్‌తో అప్పట్లో ఒక ఒప్పందం ఉండేది.

ఆయమ్మలూ స్వీపర్లూ కూడి యాదమ్మ పేరు చెప్పారు.

నాకు కోపం వచ్చింది

ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి. యాదమ్మ పేరు వినగానే నాకు కోపం వచ్చింది. ఈసారీ నేనే నిలబడతానని నా లెక్క. కొత్త చార్టు కూడా గీసి పెట్టుకున్నాను. ఒక ఆయమ్మ ప్రెసిడెంటైతే సూపరింటెండెంట్ ముందు మా నర్సుల తరఫున ఆమె మాట్లాడుతుందా? పైకి అనలేదు గానీ లోపల అనుకున్నాను. పైకి అన్నది మా విమల. విమల మంచి నర్సు, నోరు మాత్రం కొంచెం పెద్దది.

"మనం ఇంజెక్షన్ చెయ్యమంటే ట్రే పట్టుకొచ్చే మనిషి, రేపు మనకి మీటింగు పెట్టి కూర్చోమంటుందా అక్కా? పైగా తన ట్రాన్స్‌ఫర్ ఆపుకోడానికి నిలబడుతోంది. అంతా స్వార్థం."

ఈ మాట యాదమ్మ చెవిన పడింది. మర్నాడు నర్సులం టీ తాగే గదిలోకి సరాసరి వచ్చింది. ఆ గదిలోకి ఆయమ్మలు కప్పులు తీసుకెళ్ళడానికి తప్ప వచ్చేవాళ్ళు కాదు.

"విమల సిస్టరూ, నేను ట్రాన్స్‌ఫర్ ఆపుకోనీకే నిలబడ్డ అన్నరంట. అవ్, గందుకే నిలబడ్డ. రోగం లేనోడు దవాఖానకు ఎందుకొస్తడు? నాకు తక్లీఫ్ ఉన్నది, గందుకే యూనియన్‌కు వచ్చిన. మీకు తక్లీఫ్ లేదా? ఉంటే నాతోని రాండ్రి. లేకుంటే చాయ్ తాగుండ్రి."

గదిలో ఎవరూ కప్పు ఎత్తలేదు. విమల మొహం ఎర్రబడింది. నాకు మాత్రం ఈ మనిషి ముందు నా ప్రసంగాలన్నీ దండగ అనిపించింది.

అయినా నేను పూర్తిగా దిగిరాలేదు. ఆ వారం ప్రచారానికని ఒక డిస్పెన్సరీకి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్, "ఎవరు గావాలమ్మా? డాక్టర్ పోయిండు," అన్నాడు. నేను యూనియన్ ఎన్నికలో నిలబడబోతున్నానని చెప్పాను. అతను తల గోక్కున్నాడు. లోపలున్న స్వీపర్ని పిలిచి, "యాదమ్మ మనిషేనా చూడు," అన్నాడు. యాదమ్మ పేరు ఆ ఊరవతల డిస్పెన్సరీలో కూడా తెలుసు. కామెర్లొచ్చి లేచిన ఆయమ్మ గ్లౌజులడిగితే బదిలీ చేశారన్న కబురు మా రీజియనంతా పాకిపోయింది. హెడ్ నర్సు రత్నం ఎవరో పక్క ఆసుపత్రిలోనే సగంమందికి తెలియదు.

తిరుగు బస్సులో నేను నిర్ణయం తీసుకున్నాను. దిగి నేరుగా బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. యాదమ్మ పెనిమిటికి వీపు తుడుస్తోంది.

"నేను నిలబడను. నీ పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటాను," అన్నాను.

ఆమె తువ్వాలు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మీరా? నా కింద పంజేస్తరా సిస్టరమ్మా?"

"నీ కింద కాదు, నీ పక్కన. ముందు ఆ నడుం సరిగ్గా తుడువు, పుండు పడుతుంది."

మంచం మీదున్న ఆయన పకపకా నవ్వాడు. యాదమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది. అన్నేళ్ళూ నేను ఆమెని నువ్వు అంటూనే వచ్చాను, ఆమె నన్ను మీరు అంటూ వచ్చింది. ఆసుపత్రి పద్ధతి అనుకున్నానే గానీ అది సరైందేనా అని ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ తర్వాత ఆమెని పేరుపెట్టి పిలవడం మానేశాను, అక్కా అన్నాను. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి ఎవర్నంటున్నానా అని చూసింది.

మూడు గంటల తలుపు

ఎన్నిక జరిపించడానికి రాష్ట్ర కమిటీ వరప్రసాద్ గారిని పంపింది. విజయవాడ నుంచి వచ్చిన రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్. చుక్క అటూ ఇటూ కానివ్వని మనిషి. ఒంటిగంటకి తలుపు తీస్తూనే రూలు చదివారు. "మూడు గంటలకి తలుపు మూస్తాం. అప్పటికి లోపల లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఓటుంటుంది. బయట ఉన్నవాళ్ళకి ఉండదు. మూడంటే మూడే."

ఈసారి చార్టు ఎస్తేరమ్మ గారి పద్ధతిలో వేశాను. సాయంత్రం పిల్లలు ముందు పైకెళ్ళి విడిపించారు. ఉదయంవాళ్ళు దిగి ఓటేసి, ఇంటికి పోకుండా మళ్ళీ పైకెక్కి తమని విడిపించినవాళ్ళని కిందికి పంపారు. ఒక్కో వార్డు నుంచి మనుషులు దిగుతుంటే నేను ఏజెంటు బల్ల దగ్గర కూర్చుని పేర్లు కొట్టేసుకుంటున్నాను. టీ గదిలో ఆ మాట పడ్డాక మావైపు తిరిగిన విమల రెండుసార్లు మెట్లెక్కి దిగి, తన ఓటు ఇంకా వెయ్యకుండా అందర్నీ లైన్లో పెడుతోంది. రెండుగంటల పది నిమిషాలకి చూస్తే అంతా సవ్యంగా నడుస్తోంది. మా లైను బాగా పొడుగ్గా ఉంది. యాదమ్మ చివర్లో నిలబడింది, తన ఓటు అందరి తర్వాత వేస్తానని.

రెండున్నరకి క్యాజువాలిటీ గంట మోగింది. ఆగకుండా మోగింది.

స్టేషన్ దగ్గర ఒక వ్యాను బోల్తాపడింది. పెళ్ళికి పోతున్న బ్యాండు మేళం వాళ్ళు, ఇరవైమందికి పైనే. ఎర్రకోట్లు, బంగారు పట్టీలు. కోటు రంగేదో రక్తమేదో తెలియడం లేదని తర్వాత విమల చెప్పింది. క్యాజువాలిటీలో ఆ సమయానికి ఉన్నది ఇద్దరే నర్సులు.

లైను కదిలిపోయింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరికంటే ముందు పరుగెత్తింది యాదమ్మ. నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగి అరిచింది.

"డబ్బాలు లైన్ల పెట్టుండ్రి! పెట్టి ఉరుకుండ్రి!"

మీలో ప్రభుత్వాసుపత్రి ఓపీ చూడనివాళ్ళకి ఇది చెప్పాలి. తెల్లారగట్లే వచ్చిన పేషెంట్లు గంటలకొద్దీ నిలబడలేక, తమ వస్తువేదో లైన్లో పెట్టి గోడవారన కూర్చుంటారు. మందు సీసా, సంచి, రాయి, చెప్పులు, ఏదైనా సరే. లైను జరిగినప్పుడు వెనకవాళ్ళు ఆ వస్తువుని కూడా ముందుకి జరుపుతారు. వస్తువున్న చోటు మనిషిదే. దీనిమీద గొడవ పడ్డవాళ్ళని నేను చూడలేదు.

క్షణంలో ఆ హాలు నేలమీద వరసగా టిఫిన్ డబ్బాలు, హ్యాండు బ్యాగులు, గొడుగులు నిలబడ్డాయి. చేతిలో ఏమీ లేని విమల తలమీది తెల్లటోపీ తీసి పెట్టి పరుగెత్తింది. రామలింగం గారి వైపు డ్రైవర్లు కూడా స్ట్రెచర్లు మోయడానికి ఉరికారు, అది చెప్పకపోతే పాపం. కానీ వాళ్ళు చాలామంది అప్పటికే ఓటేసినవాళ్ళు.

నేను ఏజెంటుని. బల్ల వదిలితే పెట్టె దగ్గర మా మనిషి ఉండరు. జీవితంలో ఆ గంట మోగినప్పుడు నేను కూర్చుండిపోయింది అదొక్కసారే. రెండు నలభై. రెండు యాభై. డబ్బాలు అలాగే ఉన్నాయి, ఒక్క మనిషీ రాలేదు. నా తప్పు ఏమీ లేకుండానే మళ్ళీ అదే తలుపు దగ్గర ఓడిపోబోతున్నాం. యాదమ్మ సెలవు ఇంకో నాలుగురోజులే ఉంది. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు కుదరలేదు.

మూడు. వరప్రసాద్ గారు లేచి తలుపు మూయించారు. తర్వాత లైను వైపు నడిచి నిలబడ్డారు.

"ఇవేంటమ్మా?"

"ఓటర్లండి. క్యాజువాలిటీలో ఉన్నారు. వచ్చేస్తారు."

రామలింగం గారు నవ్వారు. "సార్, రూల్ మీరే చదివిండ్రు. లైన్ల మనుషులుండాలె. డబ్బాలు ఓటేస్తయా?"

వరప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తుడుచుకునే లోపల నాకు ఎస్తేరమ్మ గారు నన్నడిగిన ధోరణి గుర్తొచ్చింది. రోజూ చేసే పని గురించి అడగడం. నేను లేచి నిలబడ్డాను.

"రామలింగం గారూ, మీ మందుల కిటికీ ముందు ఎవరైనా సీసా లైన్లో పెట్టి పక్కన కూర్చుంటే, వాళ్ళ వంతు వచ్చినప్పుడు మందు ఇస్తారా, ఇవ్వరా?"

ఆయన మొహంలో నవ్వు ఆగింది.

"గది వేరే ముచ్చటమ్మా."

"ఇస్తారా, ఇవ్వరా?"

ఆ హాల్లో డ్రైవర్లున్నారు, గుమాస్తాలున్నారు, గోడవారన ఇంకా ఇంటికెళ్ళని పేషెంట్లు పదిమంది ఉన్నారు. అందరూ ఆయన కిటికీ ముందు నిలబడినవాళ్ళే. అబద్ధమాడొచ్చు. ఆడలేదు. నేను ముందే చెప్పాను, ఆయన చెడ్డమనిషి కాదని.

"ఇస్తం," అన్నారు నేలచూపులు చూస్తూ.

"సీసా ఉంటే మనిషి ఉన్నట్టేనన్నమాట."

"అవ్."

వరప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఈ హాలు పద్ధతి ఈ హాలుదే. నేను దీన్ని కాదనలేను," అని, నా దగ్గర్నుంచి, రామలింగం గారి దగ్గర్నుంచి ఒక్కో కాగితం అడిగి తీసుకుని, చిన్నచిన్న చీటీలు చింపారు. ఒక్కో డబ్బా మీద ఒక్కో అంకె వేసి పెట్టారు. మొత్తం ముప్ఫై ఒకటి. విమల టోపీకి ఇరవై రెండో నంబరు వచ్చింది. ఎవరి వస్తువుని వాళ్ళే గుర్తుపట్టి చూపించాలి, అప్పుడే ఓటు. రామలింగం గారు తల ఊపారు. ఆ తల ఊపడంతో ఆయన ఓడిపోతున్నారని ఆయనకీ తెలుసు.

మూడుంపావుకి మొదటి మనిషి వచ్చింది. మోచేతులదాకా కడుక్కున్నా చీర అంచుకి రక్తం ఉంది. తన డబ్బా చూపించి ఓటేసి, మళ్ళీ క్యాజువాలిటీకి వెళ్ళిపోయింది. ఒకరు పోతే ఒకరు, అక్కడ కూడా విడిపించుకుంటూ, విడిపిస్తూ వచ్చారు. ఆ చార్టు నేను వేయలేదు. వాళ్ళే వేసుకున్నారు. నాలుగున్నరకి ఆఖరి గొడుగు తాలూకు ఆయమ్మ ఓటేసింది. ఒక్క డబ్బా మాత్రం మిగిలింది, జొన్నరొట్టెల డబ్బా. యాదమ్మ రాలేదు.

వరప్రసాద్ గారు ఐదుదాకా చూసి పెట్టె తెరిచారు. యాదమ్మ తన ఓటు వేసుకోకుండానే నలభై మూడు ఓట్లతో గెలిచింది.

నేను పరుగెత్తాను. హెడ్ నర్సు వరండాలో పరుగెత్తకూడదని పిల్లలకి వందసార్లు చెప్పినదాన్ని, పరుగెత్తాను. క్యాజువాలిటీలో యాదమ్మ ఒక కుర్రాడి తల పట్టుకుని నిలబడి ఉంది, డాక్టరు కుట్లు వేస్తున్నాడు. ఆ మేళంవాళ్ళలో ఒక్కరూ పోలేదు, అందరూ బతికారు.

"అక్కా, గెలిచావు! ప్రెసిడెంటువి!"

"జెర ఆగు సిస్టరమ్మా, పిల్లగాడు కదుల్తున్నడు," అంది. ఆ కుట్టు పూర్తయ్యాక తల నా వైపు తిప్పి, "ఎన్నితోని?" అని అడిగింది. చెప్పాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కుట్లు వేయించుకుంటున్న కుర్రాడు భయపడి, "నాకేమైంది మేడం?" అన్నాడు.

బయట మా వాళ్ళు దండలతో కాచుకుని ఉన్నారు. మొదటి దండ రామలింగం గారే వేశారు. "నీ చేతిల ఓడిన, అందుల సిగ్గేం లేదమ్మా. డబ్బాల చేతిల ఓడినందుకే ఇంట్ల ఏం జెప్పాల్నో సమజైతలేదు," అన్నారు. ఆసుపత్రి మొత్తం వినబడేలా నవ్వాం.

ఆఖరుకు నాది

మర్నాడు ఉదయం కొత్త కమిటీ సూపరింటెండెంట్ గారిని కలవాలి. అది ఆనవాయితీ. యాదమ్మ, నేను, విమల వెళ్ళాం. ఆయన తెలివైన మనిషి, గాలి ఎటు వీస్తోందో ముందే పసిగట్టారు. బల్లమీద యాదమ్మ ఫైలు సిద్ధంగా ఉంది.

"కూర్చోండి యాదమ్మ గారూ. మీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రద్దు చేస్తున్నాను. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను," అంటూ కలం తీశారు.

యాదమ్మ కూర్చుంది. ఫైలు మీద చెయ్యి వేసి మూసింది. సూది దిగిన చెయ్యి అదే.

"గది ఆఖరుకు సార్. ముందు గ్లౌజులు రాయుండ్రి. ఆయమ్మలకు, స్వీపర్లకు, ఒక్కొక్కరికి రెండు జతలు. సూదులకు వేరే డబ్బ, వార్డుకొకటి. గది రాసినంక నాతోని వచ్చి గ్లౌజులు అడిగినోళ్ళకు ఇచ్చిన ట్రాన్స్‌ఫర్లు ఇంకో నాలుగున్నయి, గవి సుత తీయుండ్రి. అన్నీ అయినంక నాది."

ఆయన ఆమెని చూశారు, నన్ను చూశారు. ఆ గదిలో మాట్లాడాల్సిన మనిషి మాట్లాడుతోంది. ఆయన ఫోను తీసి స్టోరు గుమాస్తాని పిలిచారు. ఇండెంటు రాయించి సంతకం పెట్టారు. నాలుగు ఫైళ్ళు తెప్పించారు. గంటంబావు పట్టింది. యాదమ్మ ఒక్కోదాన్నీ విమల చేత చదివించుకుని, ఊ అన్నాకే పక్కన పెట్టనిచ్చింది.

అన్నీ అయిపోయాక తన ఫైలుని ముందుకి జరిపింది.

"ఇగ పెట్టుండ్రి సార్. ఇంటికాడ ఆయనకు పక్క మార్చే టైమైంది."